ముద్ద కావాలె

గోపన్‌పల్లిలోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఏటా ఎండాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం ఇంటికో వంట తెచ్చి, కింద క్లబ్‌హౌస్‌లో అందరూ కలిసి తింటారు. ఎవరేం తెస్తారో రాసే కాగితం లిఫ్టు పక్కన అంటిస్తారు. అందులో నలభై ఎనిమిది ఫ్లాట్లు ఉంటాయి గాని, వాచ్‌మన్ గది ఎన్నడూ ఉండలేదు.

ఈసారి ఉంది. రాసింది ఆరో అంతస్తు దేవిశ్రీ. వాచ్‌మన్ యాదయ్య కూతురు స్వప్న ఊళ్లో అమ్మమ్మ దగ్గర చదువుకుంటూ, పదో తరగతి పరీక్షలయ్యాక సెలవులకు వచ్చింది. మొక్కలకు నీళ్లు పోస్తున్న ఆ పిల్లను చూసి, "మీరేం తెస్తారు?" అని అడిగింది దేవిశ్రీ. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే స్వప్నకు బెరుకు. పప్పుచారు అందామనుకుంది. ముందురోజు నాన్న ఫోన్‌లో చూసిన జపాన్ వంట వీడియో అడ్డం వచ్చింది.

"సుషి" అంది.

"మీరా?" అంది దేవిశ్రీ. నవ్వలేదు గాని, కనుబొమలు పైకి లేచాయి. ఆ కనుబొమలే మూడు రోజులుగా స్వప్నకు నిద్ర లేకుండా చేస్తున్నాయి.

ఆదివారం పొద్దున యాదయ్య గచ్చిబౌలిలోని పెద్ద దుకాణం నుంచి సముద్రపు నాచు అట్టలు పది తెచ్చాడు. ఒకటి వెలుగుకు ఎత్తి పట్టి, "గిది కార్బన్ కాయితం లెక్కుంది. తింటే కడుపుల అచ్చు పడుతదేమో" అన్నాడు.

"మనం చెరువుల పాచి తీసి పారేస్తం. గీళ్లు చుట్టుకొని తింటరట" అంది స్వప్న తల్లి కొమురమ్మ.

ఆమె ఎప్పటిలాగే గంజి వార్చి అన్నం వండింది. వార్చనిది ఆమె లెక్కలో అన్నమే కాదు. మెతుకుకు మెతుకు అంటకుండా మల్లెమొగ్గల్లా విడివిడిగా వచ్చింది. నిమ్మరసం, చక్కెర, ఉప్పు కలిపి, నాచు మీద పరిచి, కీరదోస, క్యారెట్, మామిడిపండు ముక్కలు పెట్టి, కోసి విప్పిన పాలప్యాకెట్ కవరుతో చుట్టారు. కత్తి పెట్టగానే చుట్ట విచ్చుకుని మెతుకులు నేలంతా దొర్లాయి. రెండోదీ అంతే. మూడోది కత్తి దాకా కూడా ఆగలేదు.

"ఇగ చాలు. పోపు పెట్టి పులిహోర అందాం. ఎట్లైనా పుల్లగనే ఉంది" అంది కొమురమ్మ.

కాగితం మీద 'వాచ్‌మన్ రూమ్ - సుషి' కొట్టేసి పులిహోర అని రాస్తున్న దేవిశ్రీ చెయ్యి స్వప్న కళ్ల ముందు మెదిలింది. తల దించుకుంటే మంచం కింద సంచి కనిపించింది. మేనమామ పంపిన యాసంగి పంట బియ్యం. కొత్త బియ్యం ముద్దవుతుందని, ఆరు నెలలు పాతబడితే గాని ముట్టనని కొమురమ్మ మూతి కట్టి పెట్టింది.

"అమ్మా, కొత్త బియ్యం వండు. గంజి వార్చకు."

"ముద్దయితది బిడ్డా."

"ముద్ద కావాలె."

కొమురమ్మ మొగుడి వైపు చూసింది. ఈ పిల్ల మాటకు మాట చెప్పడం ఇద్దరూ ఎన్నడూ వినలేదు.

"వండరాదే, నోరు తెరిచి అడిగింది" అన్నాడు యాదయ్య.

అన్నం దిగింది. ఆరబెట్టాలని స్వప్న తండ్రి చేతికి విసనకర్ర ఇచ్చింది.

"నేను చెమటలు కక్కుతుంటే ఎవ్వరు విసరరు. అన్నానికి విసరాల్నట" అంటూనే విసిరాడు.

నాలుగో చుట్ట మీద తడి కత్తి పెట్టి స్వప్న మెల్లగా నొక్కింది. కత్తి దిగింది. ముక్క నిలబడింది. ఏడు అట్టలు మిగిలాయి, ఏడు చుట్టలయ్యాయి, ఒక్కటీ విడలేదు. కొమురమ్మ కొసముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, "ముద్దనే గాని మంచిగుంది" అని ఒప్పుకుంది.

సాయంత్రం క్లబ్‌హౌస్ బల్ల మీద పళ్లెం పెట్టి స్వప్న గోడకు ఆనుకుని నిలబడింది. దేవిశ్రీ ఒకటి తిని, వెంటనే ఇంకోటి తీసుకుంది.

"మేం రెండుసార్లు చేశాం, స్వప్నా. రెండుసార్లూ విడిపోయింది. అందుకే ఆ రోజు 'మీరా?' అన్నాను. ఇవి జపాన్ బియ్యమా?"

దేవిశ్రీ నాయనమ్మ కనకలక్ష్మి కూడా ముక్క పట్టుకుని ఇటు తిరిగింది. "చెప్పమ్మా, ఏం బియ్యం ఇవి?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. స్వప్న ఈసారి తల దించుకోలేదు.

"మా ఊరివి. యాసంగి కొత్త బియ్యం. గంజి వార్చకుండ వండినం" అంది, చివరి కుర్చీలో ఉన్నవాళ్లకు కూడా వినపడేలా.

కాసేపటికి ఖాళీ పళ్లెం పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది. డ్యూటీలో ఉన్న యాదయ్య టోపీ సర్దుకుంటూ, "నాకొక్కటన్న మిగల్లేదా?" అన్నాడు.

"లేదు నాయినా."

యాదయ్య పళ్లెం అందుకుని, అంచుకు అంటుకున్న ఒక్క మెతుకును గోటితో గీకాడు. అది ఊడి రాలేదు. మళ్లీ గీకాడు.

"చూసినవా, ఇడుస్తలేదు" అన్నాడు, ముఖమంతా నవ్వుతో.