ఎర్ర కొట్టం దగ్గర కుడికి

హార్లన్ మిల్‌కి కొత్తగా వచ్చినవాళ్ళెవరూ వెర్లిన్ టటిల్‌ని దారి అడక్కూడదు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనిదల్లా కొత్తవాళ్ళకే. వాళ్ళకి దారి చెప్పమని ఊరు కూర్చోబెట్టిందేమో వెర్లిన్‌నే.

ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు బడి బస్సు నడిపాడు. భార్య పోయాక, మెయిన్ వీధి మొదట్లో ఉన్న సమాచార గదిలో జీతం లేని కొలువుకి కుదురుకున్నాడు. ఒక కిటికీ, ఒక ఎత్తు స్టూలు, బల్ల మీద ఊరి పటాల దొంతర, అంతే ఆ గది. వేసవి మూడు నెలలూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తొమ్మిదికల్లా అక్కడ ఉండేవాడు. ఆ గదే లేకపోతే అసలు గడ్డం గీసుకోవాలనే బుద్ధే పుట్టేది కాదని కనబడినవాళ్ళతో అంటూండేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, అది నవ్వులాటకి అన్న మాట కాదు.

దారులు తెలియక కాదు, మరీ ఎక్కువ తెలియడమే తంటా. చెక్క వంతెనకి ఎలా వెళ్ళాలండీ అని ఎవరైనా అడిగితే, "పాల డైరీ దగ్గర ఎడమకి తిరగండి, హ్యూబర్ వాళ్ళ పెట్రోలు బంకు దాటాక బాతుల గుంట వస్తుంది" అని మొదలుపెట్టేవాడు. ఆ డైరీ మూతపడి, కూలగొట్టి, నలభై ఏడేళ్ళయింది. బంకు ఉన్నచోట పళ్ళ డాక్టరు ఉన్నాడు. గుంట పూడ్చేశారు, బాతుల సంగతి దేవుడికెరుక. నిజానికి ఊళ్ళోవాళ్ళంతా మాట్లాడుకునేది ఇలాగే. వాళ్ళ కళ్ళకి లేనివి కూడా కనబడతాయి కాబట్టి సరిపోయింది. సిన్సినాటి నుంచి కారేసుకుని వచ్చినవాళ్ళకి ఎక్కడ కనబడి చస్తాయి?

ఇదివరకు దీనివల్ల వచ్చిన నష్టమేమీ లేదు, ఎందుకంటే వచ్చేవాళ్ళే లేరు. కిందటేడు ఆకులు రాలే రోజుల్లో ఒక పత్రిక, సెలవుల్లో చూసి తీరాల్సిన ముచ్చటైన చిన్న ఊళ్ళంటూ పన్నెండింటి పేర్లు వేసి, పన్నెండోదిగా హార్లన్ మిల్‌ని చేర్చి, చెక్క వంతెన ఫొటో అచ్చేసింది. ఇంకేముంది, ఊరికి కళ్ళు నెత్తికెక్కాయి. ప్రతి కిటికీలో పూలకుండీ వెలిసింది. కేఫ్‌లో చెర్రీ పళ్ళు కూరి కాల్చిన 'పై' ముక్క పక్కన పుదీనాకు పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఆకెందుకో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. వేసవి వచ్చేసరికి కార్లూ వచ్చాయి, కార్లతోపాటు ఫిర్యాదులూ వచ్చాయి.

శుక్రవారం పొద్దున్న ఊరి కౌన్సిల్ పెద్ద ఆర్డిస్ కెస్లర్ మూడు ఉత్తరాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆవిడకి అరవై అయిదేళ్ళు. ఊరిని జాబితాలో పన్నెండు నుంచి పైకి ఎక్కించాలని కంకణం కట్టుకున్న మనిషి.

"వెర్లిన్ గారూ, ఇవి చదవండి. ఈయనెవరో వంతెన చూద్దామని బయల్దేరి పందుల ఫారంలో తేలాడట. పెళ్ళిరోజట పాపం."

"మంచి పందులే అవి," అన్నాడు వెర్లిన్.

"నాకు నవ్వు రావట్లేదు. మంగళవారం మీటింగు. ఈ గది ఎత్తేసి, తెర ఉన్న మిషను ఒకటి పెడదామని ముగ్గురు అంటున్నారు. నేనెటు చెయ్యెత్తాలో ఇంకా తేల్చుకోలేదు. అప్పటిదాకా మీరు నోరు విప్పకండి. అడిగినవాళ్ళ చేతిలో పటం పెట్టండి, చాలు."

"ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదా?"

"రండి అనండి. అక్కడితో ఆపండి."

"నువ్వు రెండో క్లాసులోనూ ఇంతే అమ్మాయ్. నా వెనక సీట్లో కూచుని నాకే బస్సు నడపడం నేర్పేదానివి."

"నేర్పబట్టే అన్నేళ్ళు గీత పడకుండా నడిపారు," అని ఆవిడ వెళ్ళిపోయింది.

వెర్లిన్ ఆ ఉత్తరాలు రెండుసార్లు చదివాడు. ఆయన నవ్వులన్నీ పైపైనే. గది పోతే పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్ళాలి? కుర్చీలో కూచుని టీవీ చూడ్డానికా? సరే, మంగళవారం దాకా నోటికి తాళం వేసుకుందాం అనుకున్నాడు. శుక్రవారమంతా అలాగే గడిపాడు. మాటలన్నీ గొంతులో పేరుకుపోయి సాయంత్రానికి దగ్గొచ్చింది.

శనివారం పదకొండింటికి కిటికీ ముందుకు ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మనిషి అలిసిపోయి ఉంది. వెర్లిన్ "రండి" అని పటం అందించాడు.

"ఇవి నా దగ్గర రెండున్నాయి," అందావిడ. "నిన్నటి నుంచీ తిరుగుతున్నాను. ఫోన్‌కీ తెలియట్లేదు, పటంలోనూ లేదు. ఇక్కడ పాల డైరీ ఎక్కడండీ?"

వెర్లిన్ స్టూలు మీద ముందుకు వంగాడు. పాతికేళ్ళలో కొత్తవాళ్ళెవరూ ఆ మాట తమంతట తాము ఎత్తలేదు. నోరు తెరిచాడు, ఆర్డిస్ గుర్తొచ్చి మూసుకున్నాడు. ఇంకో పటం అందించాడు.

ఆవిడ దాన్ని తీసుకోలేదు. "డైరీ దగ్గర ఎడమకి, ఎర్ర కొట్టం దగ్గర కుడికి, వాల్‌నట్ చెట్టు దాటాక రెండో ఇల్లు. మా అమ్మ చెప్పిన దారి ఇదే. ఇంతకుమించి నాకు ఏమీ తెలియదు. అడిగినవాళ్ళందరూ ఊరు తప్పొచ్చారేమో అంటున్నారు. మీరు కూడా అదే అంటే నేనింక ఇంటికి వెళ్ళిపోతాను."

ఈవిడ అడిగిందంతా తనలాంటి యాత్రికుల్నే అయ్యుంటుంది పాపం. వెర్లిన్ స్టూలు దిగాడు. మంగళవారం సంగతి మంగళవారం చూసుకోవచ్చు.

"ఊరు తప్పు కాదమ్మా. డైరీ డెబ్బై ఎనిమిదిలో పోయింది. ఎర్ర కొట్టం ఎనభై ఏడులో పిడుగు పడి కాలిపోయింది. వాల్‌నట్ చెట్టు దగ్గర రోజూ పొద్దున్న ఏడూ పదికి నేను బస్సు ఆపేవాణ్ణి. పద, నీ కారెక్కడుంది?"

గది తలుపుకి 'ఇప్పుడే వస్తాను' అన్న అట్ట తగిలించాడు. వేసవంతటికీ జనం ఎక్కువుండే రోజు అది. అప్పటికే వీధిలో నాలుగు కార్లు ఆగి ఉన్నాయి.

దారిలో ఆవిడ తన కథ చెప్పింది. పేరు కొలీన్. వాళ్ళమ్మ నాన్సీ, వాళ్ళ నాన్నా పెళ్ళయిన కొత్తలో, అరవై తొమ్మిది జూన్‌లో, సెలవులకని ఇటు వచ్చారట. ఈ ఊళ్ళో కారు చెడింది. విడిభాగం రావడానికి నాలుగు రోజులు పట్టింది. చేతిలో హోటలుకి డబ్బుల్లేవు, అసలు ఊళ్ళో హోటలే లేదు. ఎవరో ఐడా అనే ఆవిడ ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఇంటికి తీసుకెళ్ళి, నాలుగు రోజులూ అన్నం పెట్టి పడుకోబెట్టింది. వెళ్ళే రోజు ఆదివారం. ఐడా చర్చిలో పాడటానికి వెళ్ళిపోయింది. ఆవిడ భర్తే మిగిలిన నూడుల్సు గిన్నెతో సహా కారులో పెట్టి, ఈసారి ఇటు వచ్చినప్పుడు తెచ్చివ్వండి అన్నాడు.

"ఊరి పేరు ఇద్దరూ రాసుకోలేదు," అంది కొలీన్. "నాన్న ఒక పేరు, అమ్మ ఒక పేరు. ఓసారి వెతుక్కుంటూ బయల్దేరి వేరే ఊరికి వెళ్ళి, ఇంటికొచ్చేదాకా పోట్లాడుకున్నారు. కిందటేడు ఆస్పత్రిలో అమ్మ ఆ పత్రిక తిరగేస్తూ వంతెన ఫొటో చూసింది. చూసి లేచి కూచుంది. ఇదే ఆ ఊరు, గిన్నె ఇచ్చేసి రా, నా తరఫున దణ్ణం పెట్టి రా అంది. ఫిబ్రవరిలో పోయింది."

వెనక సీట్లో, పిల్లలకి పెట్టినట్టు బెల్టు పెట్టి ఉంది గిన్నె. మూతున్న నీలం గాజు గిన్నె. ఊరికే ఖాళీగా ఇవ్వకూడదని కొలీన్ అందులో దారిపక్క కొన్న చెర్రీలు నింపింది.

డైరీ లేని మూల దగ్గర ఎడమకి, కొట్టం లేని చోట కుడికి తిప్పించాడు వెర్లిన్. వాల్‌నట్ చెట్టు మొద్దు గడ్డిలో కనబడుతూనే ఉంది. రెండో ఇంటి చోట సోయా చేను. చేను గట్టున పాత చేతిపంపు ఒక్కటే మిగిలింది.

కొలీన్ కారు దిగి, గిన్నె పట్టుకుని ఆ పంపు దగ్గర నిలబడింది. "ఎవరూ లేరు," అంది. ఆపుకోలేక ఏడ్చేసింది.

ఐడా ఎవరో వెర్లిన్ దారిలోనే పోల్చుకున్నాడు, కానీ వాళ్ళమ్మ చెప్పిన చోటే ముందు చూపించాలనుకున్నాడు. తరవాత, "ఆ గిన్నె ఓసారి తిప్పి చూపించు," అన్నాడు. అడుగున పాత తెల్ల టేపు ముక్క, చెదిరిపోకుండా దాని మీద అద్దం లాంటి ఇంకో టేపు. సిరాతో 'ఐడా కె.' అని రాసి ఉంది. చర్చి విందులకి గిన్నెలు పట్టుకెళ్ళేటప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళంతా అలాగే రాసేవారు.

"ఐడా పోయి తొమ్మిదేళ్ళయిందమ్మా. కానీ కూతురుంది. మహా గట్టిపిండం. ఈపాటికి నా గది ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది."

అన్నట్టే ఉంది ఆర్డిస్. వీధిలో ఏడు కార్లు బారుతీరాయి. ఎవడో హారను కొడుతున్నాడు.

"గంటసేపు," అందావిడ. "శనివారం పూట గంటసేపు గదికి తాళం. నేను మీకేం చెప్పాను?"

"మాట్లాడొద్దన్నావు. మాట్లాడాను. తిట్లు మంగళవారం తింటాను గానీ, ముందు ఈ అమ్మాయి చేతిలోది చూడు."

ఆర్డిస్ చూసింది. మూత చూసింది, గిన్నె పట్టుకునే చోట చిన్న పెచ్చు ఊడిన గుర్తు చూసింది. అడుగు తిప్పి తల్లి చేతిరాత చూసింది. బొటనవేలితో ఆ టేపు తడిమింది.

గదిలోకి వెళ్ళాక కొలీన్ అంతా చెప్పింది. చర్చి దగ్గరికొచ్చేసరికి ఆర్డిస్ చెయ్యెత్తి ఆపింది.

"ఎవరిచ్చారన్నారు?"

"మీ నాన్నగారు. మీ అమ్మగారు అప్పుడు ఇంట్లో లేరట."

ఆర్డిస్ స్టూలు మీద కూలబడింది. "నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మీవాళ్ళకి నా గది ఇచ్చేశారని అలిగి నాలుగు రోజులూ పెరట్లో పడుకున్నాను. ఆ కోపంతో గిన్నె పగలగొట్టి వాగులో పారేశానని అమ్మ అనుకుంది. అనుకోవడమేమిటి, ప్రతి థాంక్స్‌గివింగ్ పండగ విందులోనూ అందరి ముందూ అనేది. నేను కాదమ్మా అంటే నమ్మేది కాదు. మా నాన్న మాత్రం ఎదురుగా కూచుని, తల వంచుకుని, టర్కీ కోడి కోసుకుంటూ ఉండేవాడు. ఒక్కసారైనా నోరు విప్పాడా ఆ మహానుభావుడు!"

నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళ నీళ్ళు కారిపోయాయి. కొలీన్ వంగి ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"మా అమ్మ జీవితంలో ఏ మంచి జరిగినా ఆ నాలుగు రోజులే చెప్పేది," అంది. "లోకం మంచిదే అనడానికి నా దగ్గర రుజువుంది, అదిగో నీలం గిన్నె అనేది. దణ్ణం పెట్టి రమ్మంది. మీకే పెడుతున్నాను."

"నాకెందుకు, నేను అలిగి పెరట్లో పడుకున్నదాన్ని," అంది ఆర్డిస్. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. బయట హారను మళ్ళీ మోగింది. వెర్లిన్ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "కాస్త ఆగు నాయనా, వంతెన ఎక్కడికీ పోదు," అన్నాడు.

ఆ రాత్రి కొలీన్ ఆర్డిస్ ఇంట్లోనే ఉంది. మర్నాడు ప్రయాణానికి ముందు ఇద్దరూ గది దగ్గరికి వచ్చారు. వెర్లిన్ గడ్డం గీసుకునే ఉన్నాడు, కానీ సరిగా నిద్రపోని మొహం. ఆర్డిస్ చేతిలో తువాలు చుట్టిన గిన్నె, వేడి వేడిగా. దాన్ని కొలీన్ కారులో వెనక సీట్లో పెట్టి బెల్టు బిగించింది.

"అయ్యో, ఇచ్చేయడానికే కదండీ వచ్చాను," అంది కొలీన్.

"ఇచ్చారు, పుచ్చుకున్నాను. ఇప్పుడు నేనిస్తున్నాను. ఖాళీ చేసి మళ్ళీ తెండి. మీ అమ్మలాగా యాభై ఆరేళ్ళు తియ్యకండి, నాకంత ఓపిక లేదు." గిన్నె అడుగున పాత టేపు కింద కొత్త టేపు అతికించింది. 'ఆర్డిస్ కె.' అని ఉంది దాని మీద. "దారి తెలియకపోతే ఈయన్ని అడగండి. ఇక్కడే ఉంటాడు."

చివరి మాట వెర్లిన్ వైపు చూడకుండానే అంది. వెర్లిన్ విన్నాడు. కిటికీ చట్రం పట్టుకుని నిలబడ్డాడు. ఊరి మీదా, ఆ గది మీదా, ఎప్పుడో కాలిపోయిన కొట్టం మీదా ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. ఇంతకాలం బతికున్నందుకు మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

"హైవేకి ఎలా వెళ్ళాలండీ?" అని కొలీన్ కారులోంచి అడిగింది.

వెర్లిన్ ఆర్డిస్ వైపు చూశాడు.

"చెప్పండి మరి, నన్ను చూస్తారేం," అందావిడ.

"తిన్నగా వెళ్ళి, డైరీ దగ్గర ఎడమకి తిరుగమ్మా."

కొలీన్ ఫోన్ ముట్టుకోలేదు. కారు తిన్నగా వెళ్ళి, ఏమీ లేని ఆ మూల దగ్గర సరిగ్గా ఎడమకి తిరిగింది.