రెండో బిళ్ళ

మా ఊరి పక్క మటకీటో ఏరు ఒకే చలికాలంలో రెండుసార్లు పొంగిన ఏడాది అది. మాకు చలికాలం జూన్ నుంచి ఆగస్టు దాకా. మొదటి వరద తీసి మూడు వారాలైంది, రెండోది ఇంకా రాలేదు. కాలేజీ ప్రవేశ పరీక్షలకు పేరు ఇచ్చుకోవడానికి జూలైలో ఆ రోజే ఆఖరు.

నా మనవరాలు యస్నాకి తాల్కా పట్నంలో నర్సు చదువు కావాలి. చదవడం, లెక్కలు అందరూ రాయవలసినవి. వాటిపైన చరిత్ర గానీ సైన్సు గానీ ఒకటి రాయాలి. ఇష్టమైతే రెండూ రాయొచ్చు. నమూనా పరీక్షలో దానికి చరిత్రలో మార్కులు కాస్త చాలలేదు. సైన్సు కూడా రాయాలా వద్దా అన్నదే ఆ సాయంత్రం మా ఇంట్లో తగువు.

నేను బడికి పోయింది మూడేళ్ళే. టీ తాగుతూ విన్నాను.

"వద్దే," అంది మా అమ్మాయి మారిట్సా, రొట్టెకి అవకాడో రాస్తూ. "నువ్వు చదివింది గుమాస్తా చదువు. సైన్సు ముట్టుకుని రెండేళ్ళయింది. ఎర్ర మార్కు వస్తే ఉన్నదీ పోతుంది."

"నా భయమూ అదేనమ్మా. సగటు తీస్తే చరిత్రని కూడా కిందికి లాగేస్తుంది."

మా బళ్ళలో మార్కులు ఏడుకి వేస్తారు. నాలుగుకి తగ్గితే ఎర్ర సిరా. చివరికి అన్నీ కలిపి సగటు తీస్తారు. పన్నెండేళ్ళు ఆ లెక్కలోనే పెరిగిన పిల్లకి ఇంకో లెక్క ఉంటుందని ఎలా తోస్తుంది?

అంతలో దాని క్లాసు టీచరు ఎదెల్మీరా వచ్చారు. కాలిబాట కోసుకుపోవడంతో చుట్టూ తిరిగి, మోకాళ్ళదాకా బురదతో వచ్చారు. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు.

"సైన్సు పెట్టలేదటగా. ఎందుకమ్మా?" అన్నారు.

యస్నా చెప్పింది.

"సగటు తీయరు తల్లీ. రెండింటిలో ఏది ఎక్కువొస్తే అదే తీసుకుంటారు."

"ఊరికే అంత మంచి ఎవరు చేస్తారు టీచరమ్మా? ఎక్కడో మెలిక ఉంటుంది," అంది మారిట్సా.

టీచరమ్మ పరీక్ష నిబంధనల కాగితం తీసి చూపించారు. యస్నా రెండుసార్లు చదివింది. భయం మాత్రం పోలేదు.

నేను కప్పు కింద పెట్టాను. రయువేలా అని మా ఊళ్ళో ఓ ఆట, అడ్డంగా కట్టిన తాడు మీదికి ఇనప బిళ్ళలు విసరడం. "రయువేలా ఆటలో ఎన్ని బిళ్ళలు విసురుతామే?"

"రెండు, తాతా."

"ఒకటి తాడు పక్కన పడింది. ఇంకోటి కంచె అవతల పడింది. నాకేం పోయింది?"

"ఏం పోదు. దగ్గర పడిందే లెక్క."

"రెండోది విసరకుండా జేబులో వేసుకుంటే?"

"ఊరంతా నవ్వుతారు," అని తనే నవ్వేసింది.

"మా నాన్న ఈ నెల మాటలన్నీ అయిపోయాయి," అంది మారిట్సా. "ఇంక ఆగస్టులోనే."

"అది సరే, సైన్సు నాకెవరు చెప్తారు?" అంది యస్నా.

"శనివారాలు మా ఇంటికి రా. పొయ్యి పక్కన కూర్చుందాం. నాకూ తోడుంటుంది," అన్నారు టీచరమ్మ.

యస్నా ఫోన్లో రెండింటికీ గుర్తు పెట్టింది. మరుసటి ఏడు మార్చిలో తాల్కా వెళ్ళింది. దాన్ని అక్కడ చేర్చింది సైన్సు మార్కే.

పేరు ఇచ్చుకున్న ఆ సాయంత్రం టీచరమ్మని గుమ్మందాకా సాగనంపాను. ఏదో చెప్పాలని నోరు తెరిస్తే, "జారుతుంది, చూసుకుని వెళ్ళండి" అని మాత్రం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే బండికి గుర్రాన్ని కట్టి, కొట్టంలోని ఎండు తుమ్మకట్టెలు ఎక్కించి, చుట్టుదారిన వెళ్ళి ఆవిడ వంటింటి గోడకి పేర్చి వచ్చాను. తలుపు తట్టలేదు.