బాబాయి ఉపన్యాసం, పిడుగు ఎడమ చెవి

ఘాట్ రోడ్డు దాటొచ్చిన బస్సులోంచి పిడుగు దిగింది గానీ, దాని ఎడమ చెవి మాత్రం కొండమీదే ఉండిపోయింది. అసలే జలుబు. హాలుకొచ్చేసరికి ఆ చెవిలో దూదిమూట కుక్కినట్టుంది.

మేనమామ సౌండ్ షాపులో ఇన్నాళ్లూ వైర్లు చుట్టిన పిల్లకి, రాకరాక ఈ సాయంత్రం పాటల కార్యక్రమానికి మిక్సర్ అప్పజెప్పారు. చెవి మూసుకుపోయిందని తెలిస్తే మామయ్య తానే కూర్చుంటాడు. మళ్లీ వైర్లే. అందుకే నోరు విప్పలేదు.

ఎడమ స్పీకరు వినపడ్డం లేదని కాస్త పెంచింది. ఇంకాస్త పెంచింది. ఎడమ గోడమీది బల్లి సంసారంతో సహా కుడి గోడకి మకాం మార్చేసింది.

"ఏమే పిడుగూ, ఎడమవైపు వాళ్లేం పాపం చేశారే?" అన్నాడు మామయ్య.

"అటు జనం ఎక్కువొస్తారు మామయ్యా."

"రావడం సరే, ఎగిరిపోరూ? మీ బాబాయి మైకు వదిలేలోపు సరిచెయ్. లేదా లేచిరా, నేను చూసుకుంటా."

బాబాయి ఈ కార్యక్రమం జరిపే సంఘానికి అధ్యక్షుడు. మైకు పరీక్షకి అందరూ "హలో" అంటారు. ఆయన స్వాగతోపన్యాసం మొత్తం చదువుతాడు. రెండో పేజీకే కుర్చీలు తుడిచే మనిషి నిలబడి గుర్రు పెట్టాడు. మామయ్య నోరు గరాజు తలుపులా తెరుచుకుంది.

అది చూసి పిడుగుకీ ఆవలింత వచ్చింది. సొంత బాబాయి మొహాన ఆవలిస్తే ఏం బాగుంటుందని మింగేసింది. ఇంకోటొస్తే ముక్కులోంచి పంపేసింది. ఆ తర్వాతి దానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూశారా బావగారూ, పిల్లకి కళ్లు చెమర్చాయి!" అన్నాడు బాబాయి మైకులోనే.

"ఆపుకోకే పిచ్చిమొహమా," మామయ్య గొణిగాడు. "ఆవలింత ఎందుకొస్తుందో డాక్టర్లే ఇంకా తేల్చలేదట. మెదడు చల్లబడ్డానికని కొందరు, మత్తు వదలడానికని కొందరు. నీకెందుకొస్తోందో మాత్రం నాకు తెలుసులే. కానీయ్."

ఇక ఆగలేదు. హాల్లో గాలి సగం లోపలికి పోయి, తెరలు దానివైపు వాలాయి. టప్!

చెవి తెరుచుకుంది. బాబాయి గొంతు అందులో ఇత్తడి బిందెలా దొర్లింది. పిడుగు ఉలిక్కిపడి నాబ్ వెనక్కి తిప్పింది. రెండువైపులా సమానంగా కుదిరాక, పైన ఫ్యాను కిర్రుమనడం కూడా వినిపించింది. అంత తీయటి కిర్రు అది పుట్టి ఎరగదు.

"ఇందాకటిదాకా చెవి పనిచెయ్యలేదు మామయ్యా," అని అప్పుడు చెప్పింది.

"ముందే చెప్పి ఏడవచ్చుగా! ఎప్పుడో మీ బాబాయిని వాడేవాళ్లం."

"ఏమ్మా, విసుగ్గా ఉందా?" ఆ ఆవలింత కంటబడ్డ బాబాయి మొహం మాడ్చుకున్నాడు.

"అయ్యో, లేదు బాబాయ్! మొదటినుంచీ మళ్లీ చదవరూ? కుడి చెవి కూడా కాస్త బరువుగా ఉంది."

జన్మలో ఆయన్ని మళ్లీ చదవమన్నవాళ్లు లేరు. కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ తీశాడు.

"మిక్సర్ నువ్వే చూసుకో తల్లీ," అంటూ మామయ్య వైర్లు చుట్టడానికి బయటికి పరుగెత్తాడు.