బోర్డు మీద రెండో స్థానం

ఓగుటు లాప్‌టాప్ తెర ఒక్కసారిగా నల్లబడింది. కొండెలే పేటలో పొద్దుటి నుంచీ కరెంటు లేదు.

"చచ్చింది," అన్నాడతను మూత వేస్తూ. "కింద మంగలి షాపులో జనరేటర్ ఆడుతోంది. అక్కడ చార్జింగ్ పెట్టుకొస్తా. నేను రాకపోతే నువ్వే ఎంచెయ్. రెండో స్థానంలో ఉన్న ఫైలు. మళ్లీ అనుమానాలు మొదలెట్టకు తల్లీ."

"సరే," అంది అతనితో జట్టు కట్టిన అవినో.

అతను మెట్లు దిగిపోయాడు. మూడింటికి పోటీ మూతపడుతుంది. ఇంకా అరగంట ఉంది.

ఎండాకాలంలో ఏ ఊళ్లో ఏ చేతిపంపు మొరాయిస్తుందో ముందే లెక్కగట్టి చెప్పడం ఆ పోటీ. మొదటి మూడు జట్లకు కౌంటీ నీటి ఆఫీసులో ఏడాది పాటు పని. అది దొరక్కపోతే అవినో సియాయా ఊళ్లో అక్క బట్టల కొట్టులో కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు. ఓగుటు తన అన్న మోటారుసైకిల్ మీద కిరాయిలు తోలుతూ, మిగిలిన పూటలు దీనికే పోశాడు.

పంపిన జవాబుల ఫైళ్లలో ఆఖరికి ఒక్కటే నిలుపుకోవాలి. అందరికీ కనబడే బోర్డు మీది మార్కులు పోయినేటి పంపుల మీద. గెలుపోటములు తేల్చేవి మాత్రం దాచిపెట్టిన ఈ ఏటి పంపుల మీద.

వాళ్లు కంప్యూటర్‌లో కట్టిన లెక్కల మోడల్ రెండో స్థానానికి ఎగబాకింది పట్టికలోని ఒక్క గడి వల్ల: మెకానిక్ చివరిసారి ఎప్పుడు వచ్చాడన్నది. ఆ గడి చేర్చిన రోజు ఓగుటు కుర్చీ ఎక్కి గెంతాడు. అవినో మాత్రం ఆ మార్కును నమ్మలేకపోయింది. తమ ఊళ్లో పంపు బాగుండగా ఏ మెకానిక్ వచ్చాడు? పంపు చచ్చాకే కదా వచ్చేది. అంటే ఆ గడి జరగబోయేది చెప్పడం లేదు, జరిగిపోయినదాన్ని మోసుకొస్తోంది. ఈ ఏటి పంపులకు ఆ తేదీలు ఎండలకు ముందువే ఉంటాయి. అప్పుడు మోడల్ కళ్లు పోయినట్టే.

పాత ఏళ్ల మీద మోడల్‌కు నేర్పి, తర్వాతి ఏటి తేదీలను ఎండలకు ముందే ఆపేసి, పొద్దున పరీక్షించి చూసింది. మార్కు కుప్పకూలింది. ఆ గడి తీసేసిన ఫైలు ఎక్కడా తూలలేదు. కానీ బోర్డు మీద దాని చోటు ముప్పై ఎనిమిది.

"బోర్డు కళ్లెదురుగా చెబుతుంటే నీ బల్లమీది లెక్క నమ్మాలా?" అని అప్పుడే ఓగుటు నవ్వాడు. "మొదటి జట్టు కూడా ఆ గడే వాడి ఉంటుంది. వాళ్లంతా వెర్రోళ్లా?"

ఇప్పుడు తన లాప్‌టాప్‌లో మిగిలిన బ్యాటరీ మీద ఆమె మళ్లీ లెక్క నడిపింది. అదే జవాబు. అతనికి ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. జనరేటర్ రొదలో వినబడదు. కిందికి వెళ్లి వాదిస్తే అతను ఒప్పుకోడని తెలుసు.

ముప్పై ఎనిమిదో స్థానం ఫైలు ఎంచి నొక్కేసింది.

ఓగుటు వేడి మాందాజీ బూరెల పొట్లంతో తిరిగొచ్చేసరికి పోటీ మూతపడింది. "ఎంచావుగా?"

"ఎంచాను. నువ్వు చెప్పింది కాదు."

పొట్లం బల్ల మీద పడింది. "ఏమన్నావ్?"

"ఆ గడి లేనిది."

"సరే అన్నావు కదే! నోటితో సరే అని చేత్తో ఇదా? నాలుగు నెలలు అవినో! మా అన్న తిట్లు నువ్వు తిన్నావా?"

"తప్పే. కానీ అది పడిపోతుంది ఓగుటూ."

"పడితే నాతో కలిసి పడాలి. నువ్వొక్కదానివే తేల్చడానికి ఇదేం నీ ఇంటి పొయ్యా?"

అతను కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు. కింద మతాతూ వ్యాన్ల హారన్లు మోగుతున్నాయి. మాందాజీలు చల్లారాయి, ఎవరూ ముట్టలేదు.

కాసేపటికి, దాచిపెట్టిన పంపుల మార్కులతో చివరి బోర్డు తెరుచుకుంది. ఎప్పుడూ మొదట ఉండే జట్టు మొదటి పేజీలో లేదు. అవినో వేలితో పైనుంచి వెతికింది. మూడో వరుసలో తమ జట్టు పేరు.

"ఓగుటూ."

అతను వచ్చి చూశాడు. మళ్లీ చూశాడు. తన ఫైలును, మూతపడ్డాక కూడా మార్కు చూపే ఆ పేజీలోనే వేసి మార్కు రాబట్టాడు. అది వందో స్థానానికి అవతల పడింది.

గెంతుతాడేమోనని ఆమె చూసింది. అతను కుర్చీలో కూలబడ్డాడు.

"మనం ముప్పై ఎనిమిదిలోనే మిగిలి ఉంటే," అన్నాడు, "నాతో ఏం చెప్పేదానివి?"

"ఇదే చెప్పేదాన్ని. లెక్క అలా ఉందని."

"నేను వినేవాణ్ణి కాదు."

"తెలుసు."

"ఇవాళ గెలిచాం కాబట్టి ఒప్పుకుంటున్నాననుకోకు. నన్నడగకుండా నొక్కావు. అది అలాగే ఉంటుంది." పొట్లం ఆమె వైపు జరిపాడు. "సోమవారం నీటి ఆఫీసుకు నేను వేరేగా వస్తా. నువ్వు వేరేగా రా."