కదలని ఐదు వేలు

మధ్యాహ్నం రెండు దాటాక రేణుకమ్మ బ్యాంకు అద్దం తలుపు నెట్టేసరికి కాళ్ళు రెండూ తనవి కానట్టే ఉన్నాయి. పొద్దున ఆరింటి నుంచి ఎయిర్‌పోర్టులో బాత్‌రూములు కడిగింది. అక్కడి నేల ఎంత నున్నగా ఉంటుందంటే, అందులో ముఖం చూసుకుని బొట్టు సరిచేసుకోవచ్చు. అట్లా సరిచేసుకుంటే మాత్రం సూపర్‌వైజర్ అరపూట జీతం కోస్తాడు. బట్టలు మార్చుకునే టైం లేక, నీలం కోటు మీదనే షేర్ ఆటో ఎక్కి శంషాబాద్‌లో దిగింది. వెనకాలే ముత్తమ్మ, జూలీ దిగారు. ముగ్గురిదీ ఒకటే డ్యూటీ, ఒకటే బ్యాంకు, ఒకటే కోత. ఖాతాలో కోసిన ఆ డబ్బు తిరిగి ఇమ్మని అడగడానికి రావడం ఇది మూడోసారి.

లోపల చలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు చెడిపోతాయేమోనన్నంత చలి. ఎండలోంచి వచ్చిన ముత్తమ్మ తుమ్మింది. కౌంటర్లో ఉన్న నలుగురూ తలెత్తి, నీలం కోట్లు చూసి, మళ్ళీ తలలు దించారు. మొదటిసారి వచ్చినప్పుడు ఒకావిడ, బాత్‌రూం వెనకవైపు ఉందమ్మా, కడిగేసి వెళ్ళండి అని చెప్పింది.

సంగతి పెద్దదేం కాదు. ఎయిర్‌పోర్టు తెరిచి ఐదేళ్ళు దాటింది. మొదట ఉన్న కాంట్రాక్టరు వాళ్ళందరికీ ఈ బ్యాంకులో జీతం ఖాతాలు తెరిపించాడు. పైసా లేకున్నా ఖాతా నడుస్తదని చెప్పాడు, నడిచింది. కిందటేడు కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన కూడా ఆ ఖాతాల్లోనే జీతం వేస్తున్నాడు గాని, అవి జీతం ఖాతాలని బ్యాంకుకి రాసివ్వలేదు. దాంతో అవి ఒక రాత్రి మామూలు ఖాతాలైపోయాయి. మామూలు ఖాతాలో ఐదు వేలు ఉండాలి. లేకపోతే మూడు నెలలకోసారి ఎనిమిది వందల నలభై రెండు రూపాయల డెబ్బై పైసలు కోస్తారు. అంటే ఐదు వేలు లేని మనిషిని, ఐదు వేలు లేనందుకు, ఇంకో ఎనిమిది వందలు లేకుండా చేస్తారు. ఇది ఇంగ్లీషులో ఫోనుకి మెసేజ్ పంపారు. మీకు పది లక్షల లోన్ సిద్ధంగా ఉంది అనే మెసేజ్‌కీ, కారు కొనుక్కోమనే మెసేజ్‌కీ మధ్యలో అది వచ్చింది.

రేణుకమ్మ జీతం ఆరు వేల నాలుగు వందలు. ఆమె పుట్టిన తర్వాత ఐదు వేలు మూడు నెలలు ఒకచోట కూర్చున్న దాఖలా లేదు. అది అట్లా కూర్చోవాలంటే ఇంట్లోవాళ్ళు అన్నం మానేసి, ఊపిరి కూడా అప్పుడప్పుడే పీల్చుకోవాలి.

మొదటి కోత పడ్డప్పుడు వచ్చి అడిగితే, ఐదు వేలు ఉంచితే కోత ఉండదని కౌంటర్లో చెప్పారు. ముగ్గురూ ఆలోచించారు. ముత్తమ్మ ఆరు వందలు నష్టానికి చిట్టీ పాట పాడి ఐదు వేలు తెచ్చింది. మూడు నెలల గడువు ముగిసే వారంలో ఆ ఐదు వేలని ముందు ముత్తమ్మ ఖాతాలో వేశారు. మర్నాడు తీసి జూలీ ఖాతాలో వేశారు. ఆ తర్వాత రేణుకమ్మ ఖాతాలో. ఆ వారం ఆ నోట్లు ఓట్లడిగే లీడరు కన్నా ఎక్కువ తిరిగాయి. అయినా కోత పడింది. తేదీ తప్పిందేమోనని తర్వాతిసారి ఇంకొంచెం ముందు మొదలుపెట్టి మళ్ళీ తిప్పారు. మళ్ళీ పడింది.

రెండోసారి వచ్చినప్పుడు మేనేజరు అసలు లెక్క చెప్పాడు. ఒక్కరోజు ఉంటే చాలదట. మూడు నెలల మొత్తానికి సగటు చూస్తారట. ఒక్కరోజు ఉన్న ఐదు వేలని తొంభై రోజులకి పంచితే రోజుకి యాభై ఐదు రూపాయలు వస్తాయి. ముత్తమ్మ పాడిన పాట బ్యాంకు లెక్కలో ఒక ప్లేటు బిర్యానీ కూడా కాలేదు.

ఒక్కొక్కరికీ మూడు కోతలు, రెండు వేల ఐదు వందల చిల్లర. రేణుకమ్మకి అది ఇల్లు. ఇల్లంటే ఒక రూము, పైన రేకులు. నెలకి పదిహేను వందల కిరాయి, రెండు నెలలు బాకీ. నీళ్ళ ట్యాంకర్ నడిపే మొగుడు బిక్షం నడుం పట్టేసి ఎండాకాలం నుంచి మంచం మీదున్నాడు. ఇయ్యాల సాయంత్రంలోగా రెండున్నర వేలన్నా పెట్టకపోతే రూము క్యాబు డ్రైవర్లకి ఇచ్చేస్తానని ఓనరు అనంతయ్య చెప్పాడు. వాళ్ళు నెలకి రెండున్నర వేలు ఇస్తామంటున్నారు, పైగా రాత్రంతా బయటే ఉంటారు. గోడలు కూడా అరగవు.

మేనేజరు అరవింద్ రేణుకమ్మ ఒక్కదాన్నే అద్దాల గదిలోకి పిలిచాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పిల్లవాడు, ముప్పై దాటలేదు. నెలకి ఇన్ని ఇన్సూరెన్సులు అమ్మాలని పైవాళ్ళు పెట్టిన లెక్కతో, ఆ వయసుకే జుట్టు సగం రాజీనామా చేసింది. కూర్చోండమ్మా అన్నాడు. ఆ మాట ఆ బ్యాంకులో రేణుకమ్మ మొదటిసారి విన్నది.

"మీరు మూడుసార్లు తిరిగారు. నాకూ బాధగానే ఉంది. మీ డబ్బు మొత్తం వెనక్కి వేయిస్తాను. సాయంత్రంలోపు ఖాతాలో పడుతుంది."

టైపు చేసి పెట్టిన కాగితం ఆమె ముందుకి జరిపాడు. తెలుగులోనే ఉంది. తనే చదివి వినిపించాడు. బ్యాంకు నిబంధన నాకు ముందే తెలుసు. కోత సరైనదే. నా ఇబ్బంది చూసి బ్యాంకు దయతో తిరిగి ఇచ్చింది. ఇకపై నాకు ఎలాంటి ఫిర్యాదు లేదు. పక్కన పెన్ను, మూత తీసే ఉంది.

రేణుకమ్మ పెన్ను పట్టుకుంది.

"మరి ముత్తమ్మక్కకు, జూలీకి?"

అందరికీ ఒకేసారంటే పైవాళ్ళు ఒప్పుకోరని, తర్వాత చూద్దామని, ఇది మాత్రం బయట ఎవరికీ చెప్పొద్దని అరవింద్ గొంతు తగ్గించి చెప్పాడు. ఆ ఎవరికీ అనేవాళ్ళు నాలుగడుగుల దూరంలో, అద్దానికి అవతల, ముక్కులు అద్దానికి ఆనించి చూస్తున్నారు.

కోటు జేబులో ఫోను మోగింది. బిక్షం. అనంతయ్య ఇద్దరు డ్రైవర్లని తీసుకొచ్చి రూము చూపిస్తున్నాడని, ఒకడు మంచం ఎక్కడ పడుతుందో కొలుస్తున్నాడని, తను ఇంకా ఆ మంచం మీదే పడుకుని ఉన్నాడని చెప్పాడు. వస్తున్నా అని పెట్టేసింది.

"సారూ, రేపు ముత్తమ్మక్కొచ్చి అడిగితే, గీ కాయితం తీసి చూపెడ్తరా?"

అరవింద్ టేబుల్ మీద సరిగ్గానే ఉన్న స్టాప్లర్‌ని ఇంకొంచెం సరిచేశాడు.

రేణుకమ్మ పెన్ను మొనని కాగితంలో మొదటి వరస మీద ఆనించింది. సంతకం పెట్టడం ఆమెకి వచ్చు. జీతం పట్టీ మీద పెడుతూనే ఉంది.

"నాకు ముందే ఎరుకని రాసిన్రు. నాకు ఎరుకలేదు సారూ. ఎరుకుంటే ముత్తమ్మక్కతోని చిట్టీ ఎందుకు ఎత్తిపిస్తుంటి? కోత తప్పని రాయున్రి. ఇప్పుడే పెడ్త."

"అలా రాస్తే అందరికీ ఇవ్వాల్సి వస్తుందమ్మా."

"ఆఁ. గదే."

పెన్నుకి మూత పెట్టి, కాగితం మీద పెట్టి లేచింది.

బయటికొచ్చి జరిగింది చెప్తే ముత్తమ్మ తిట్టింది. మామూలుగా కాదు, కౌంటర్లో నోట్లు లెక్కపెడుతున్న మిషను కూడా ఒక క్షణం ఆగినట్టయింది.

"దిమాకుందా నీకు? పడుకున్న మనిషిని మంచంతోని రోడ్డు మీదేస్తరు. నీ పైసలు నువ్వు తీస్కపోరాదు. మేమేమన్న అడ్డమొచ్చినమా?"

"నీ పైసలు గుడ పోతయక్కా."

"పోతే పోతయ్. నాకు ఇల్లున్నది."

జూలీ రేణుకమ్మ చేతిలోంచి ఫోను తీసుకుని, బిక్షానికి ఫోన్ చేసి, మంచం మీంచి లేవొద్దు బావా, ఎవరొచ్చినా గట్లనే పండుకో అని చెప్పి ఇచ్చేసింది. ముగ్గురూ వరసగా ఇనుప కుర్చీల్లో కూర్చున్నారు. ముత్తమ్మ ఇంకా తిడుతూనే కూర్చుంది.

మూడున్నర అయింది. కౌంటర్లు ఒక్కొక్కటే మూశారు. అద్దాల గదిలో అరవింద్ ఎవరితోనో ఫోన్‌లో సార్, సార్ అంటున్నాడు. గార్డు యేసురత్నం దగ్గరికొచ్చి, టైం అయింది, లేవున్రమ్మా అన్నాడు.

"రాసిస్తె లేస్తం అన్నా," అంది రేణుకమ్మ.

యేసురత్నం అద్దాల గది వైపు చూశాడు. అక్కణ్ణుంచి ఏ సైగా రాలేదు. బయటికి వెళ్ళి షట్టరు లాగాడు. అది నడుం దాకా దిగి ఆగింది. లోపల మనుషులుంటే కిందికి దించకూడదు, పైకెత్తితే టైం దాటాక బ్యాంకు తెరిచినట్టు. రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. లోపలికి అతని బూట్లు, రోడ్డు మీద పోయేవాళ్ళ కాళ్ళు, ఎండ కనిపిస్తున్నాయి. రేణుకమ్మ జేబులో ఫోను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.