ఒకే గొట్టం

పెద్దాయన ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. అంతకాలం నీళ్ళ మీద తిరిగిన మనిషి ఇంట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చోలేడని అందరికీ తెలుసు. కానీ కారును వీధిలోకి నెట్టేసి, ఆ షెడ్డులో విమానం కట్టడం మొదలుపెడతాడని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఇద్దరు కూర్చునే బుల్లి విమానం. భార్య మొదట నవ్వింది, తర్వాత పోట్లాడింది, ఆఖరికి "నేను మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు ఆ రేకుల మోత వినపడకూడదు" అని షరతు పెట్టి ఊరుకుంది. కొడుకు లెక్కల మేష్టారు. కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటేనే అతనికి కళ్ళు తిరుగుతాయి. "మీరు ఎగరండి నాన్నా, నేను కింద నించుని చెయ్యి ఊపుతాను" అన్నాడు.

ఇక మిగిలింది కోడలు. ఆవిడ ఆస్పత్రిలో మత్తు డాక్టరు. పెళ్ళికి ముందే ఫ్లయింగ్ క్లబ్బులో చేరి లైసెన్సు తెచ్చుకుంది. మామగారు రిటైరయ్యాక అదే క్లబ్బులో నేర్చుకున్నాడు. సెలవు దొరికితే చాలు, ఆవిడ పాత చొక్కా ఒకటి తగిలించుకుని షెడ్డులోకి వచ్చేసేది. ఆయన బయట నుంచి రివెట్లు కొడుతుంటే, లోపలి నుంచి ఇనప దిమ్మ ఆనించి పట్టుకునేది. ఆ మోతలో మాటలు వినపడవు కాబట్టి ఇద్దరూ కనుసైగలతోనే పని నడిపేవారు. "అత్తతో లేని సఖ్యత మామతో కుదిరింది" అని అత్తగారు నవ్వుతూనే దెప్పేది.

చెక్కా గుడ్డా అయితే తేలికగా అయిపోతుందని క్లబ్బులో చాలామంది చెప్పారు. ఆయన వినలేదు. "రేకు విరిగేముందు సన్నగా గీత పడి చెబుతుంది. చెక్క అలా కాదు, లోపల పుచ్చిపోయినా పైకి నవ్వుతూ కనిపిస్తుంది" అన్నాడు. అల్యూమినియం రేకులే తెచ్చాడు. వంకర పోయిన రివెట్టు ఒక్కటి కనిపించినా తీసేసి కొత్తది కొట్టేవాడు. రెక్కలు తయారయ్యాక వాటి మీద చెయ్యి వేసి నిమురుతూ నించునేవాడు.

గొడవ వచ్చింది డాష్‌బోర్డు దగ్గర. మధ్యలో అన్నీ చూపించే పెద్ద తెర పెట్టారు. ఓడల్లో కరెంటు పోయిన రోజులు చూసినవాడు కాబట్టి, తెర పక్కనే కరెంటుతో పని లేని స్పీడు మీటరు, ముల్లుతో తిరిగే పాతరకంది, బిగించాడు. "తెర ఆరిపోయినా ముల్లు ఉంటుంది. ఇక భయమేముంది?" అన్నాడు గర్వంగా.

కోడలు వంగి ప్యానెల్ వెనక్కి టార్చి వేసి చూసింది. "ఈ ముల్లుకి గాలి ఎక్కణ్ణుంచి వస్తోంది మామయ్యా?"

"ఎడమ రెక్క కింద ఉన్న గొట్టంలోంచి." విమానం ముందుకి పోతుంటే ఎదురుగాలి ఆ గొట్టంలోకి దూరుతుంది. అది ఎంత గట్టిగా నెడుతోందో చూసే మీటరు వేగం చెబుతుంది.

"మరి తెరకి?"

"అదే గొట్టం. ఇక్కడ రెండుగా చీల్చాను."

"ఆ గొట్టమే మూసుకుపోతే?"

"గొట్టం ఎందుకు మూసుకుపోతుందమ్మా? అందులో కదిలేదేదీ లేదుగా."

"మూసుకుపోతే రెండూ కలిసి ఒకే అబద్ధం చెబుతాయి. రెండు చెబుతున్నాయి కదా అని మనం నమ్మేస్తాం. కుడి రెక్క కింద ఇంకో గొట్టం పెట్టి, ముల్లుకి అది కలుపుదాం."

పెద్దాయన మొహం మాడింది. "కుడి రెక్క మూసేశాం. ఇప్పుడు లోపలికి పైపు లాగాలంటే కింది రేకు మొత్తం విప్పాలి. రివెట్లు తీస్తే రంధ్రాలు పెద్దవైపోతాయి. ఉన్న బలం పోగొట్టుకుని లేని భయానికి మందేసుకుందామా?"

ఆయన చెప్పింది తీసిపారేసే మాట కాదు. విప్పి కట్టిన రెక్క, ఒక్కసారే కట్టిన రెక్క ఒకటి కావు. ఆవిడ ఇంకోసారి అడిగి, ఇక వదిలేసింది. విమానం ఎగిరింది. చాలాసార్లు ఎగిరింది. తెరా ముల్లూ ఎప్పుడు చూసినా ఒకే మాట మీద ఉండేవి. పెద్దాయన ఆ రెండింటినీ చూపించి కళ్ళెగరేసేవాడు.

ఆ వానాకాలం ఎయిర్‌ఫీల్డులో విమానం ఉంచే షెడ్డు పైకప్పు మరమ్మతుకి విప్పారు. విమానం కొన్నాళ్ళు ఆరుబయటే ఉంది. గొట్టం మూతికి తొడిగే గుడ్డ తొడుగు గాలికి ఎటో కొట్టుకుపోయింది. తెరిపిచ్చిన ఒక ఉదయం కొండల అవతలి ఎయిర్‌ఫీల్డు దాకా వెళ్ళి వద్దామని ఇద్దరూ బయల్దేరారు. పెద్దాయన విమానం చుట్టూ తిరిగి అన్నీ తడిమి చూశాడు. గొట్టం మూతి దగ్గర వేలు పెట్టి చూశాడు. శుభ్రంగానే ఉంది. లోపల ఏముందో వేలికి అందలేదు.

రన్‌వే మీద పరిగెడుతుంటే ముల్లు కాస్త బద్ధకంగా లేచింది. కోడలు చూసింది. తెర కూడా అలాగే లేచింది. ఏదైనా అనేలోపే చక్రాలు నేలను వదిలాయి.

కొండల వైపు తిరిగాక సన్నటి జల్లు తగిలింది. ముందు అద్దం మీద నీళ్ళు వెనక్కి పాకాయి. ఒక మబ్బు తునక దాటి బయటికి వచ్చారు. కింద అంతా బూడిదరంగు మసక. దూరంగా నేలా ఆకాశం కలిసేచోట మాత్రం ఒక గోధుమరంగు గీత కనిపిస్తోంది. పెద్దాయన ఎడమ సీట్లో స్టిక్కు పట్టుకుని పైకి తీసుకెళుతున్నాడు.

"అమ్మాయ్, స్పీడు పెరుగుతోంది చూడు" అన్నాడు.

పైకి ఎక్కుతుంటే స్పీడు తగ్గాలి గానీ పెరగకూడదు. ఆవిడ తెర చూసింది. అంకె గబగబా మారిపోతోంది. ముల్లు చూసింది. అదీ తోడుగా పరిగెడుతోంది.

"గాలి ఏదో పైకి తోస్తున్నట్టుంది" అంటూ ఆయన ముక్కు ఇంకాస్త పైకెత్తాడు, వేగం తగ్గుతుందని. తగ్గలేదు. ముల్లు పచ్చ గీత దాటింది. పసుపు గీతలోకి వచ్చింది. ఇంజను జోరు తగ్గించడానికి ఆయన థ్రాటిల్ వెనక్కి లాగాడు. విమానం ఇంకా పైకే ఎక్కుతోంది, ముల్లు ఎర్ర గీత వైపు పోతోంది. ఆ ఎర్ర గీత దాటితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. రెక్కలు అదరడం మొదలుపెడతాయి, అదిరి అదిరి ఊడిపోతాయి. ఎత్తిన ముక్కు ఇంకా ఎత్తాడు.

"మామయ్యా, గాలి చప్పుడు వినండి."

"ఆ?"

"అంత వేగంలో ఉంటే ఈపాటికి ఈల వేస్తున్నట్టు ఉండాలి. తగ్గిపోతోంది. మనం నెమ్మదిస్తున్నాం."

"రెండూ చూపిస్తున్నాయి కదమ్మా!"

"రెండు కాదు, ఒకటే. గొట్టం పోయింది. ముక్కు దించండి."

ఆయన దించలేదు. ఎర్ర గీత మీద ముల్లు నించుని ఉంటే దించడానికి చెయ్యి రాలేదు. ఆవిడ తన వైపు స్టిక్కు మీద చెయ్యి వేసింది. పిండిలో గరిట తిప్పినట్టు వదులుగా ఉంది. వేగం ఉన్న విమానం స్టిక్కు అలా ఉండదు. అంతలోనే విమానం ఒళ్ళంతా వణికింది. సీటు కింద నుంచి, పాదాల కింద నుంచి సన్నటి దడ.

"చూశావా, రెక్కలు అదురుతున్నాయి!" అని అరిచాడు పెద్దాయన.

"అది వేగం ఎక్కువై కాదు, చాలక! వదలండి!"

"ముక్కు దించితే ఊడిపోతాయమ్మా!"

"ఆ రెక్కలు మీరు కట్టారు. ఊడవు. వదలండి మామయ్యా!"

ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఆయన ముందు గొంతు పెంచింది లేదు. ఎడమ రెక్క ఒక్కసారిగా కిందికి జారింది. ఎవరో కాళ్ళ కింద చాప లాగేసినట్టయింది. అద్దంలోంచి ఆకాశం పక్కకి ఒరిగిపోయి, బూడిదరంగు మసక ఎదురుగా పైకి లేచి వచ్చింది. పెద్దాయన చేతులు స్టిక్కు మీద నుంచి వాటంతటవే విడిపోయాయి.

ఆవిడ స్టిక్కు ముందుకి తోసింది. జారే వైపుకి ఎదురు పెడలు తొక్కింది. థ్రాటిల్ పూర్తిగా ఇచ్చింది. కింది మసకలో చెట్లు కనిపించాయి, విడివిడిగా. గాలి చప్పుడు మెల్లగా లేచింది, పెరిగింది, ఈల వేసింది. స్టిక్కు గట్టిపడింది. అప్పుడు ఆవిడ మెత్తగా వెనక్కి లాగింది. ముక్కు ఆ గోధుమరంగు గీత దగ్గరికి వచ్చి ఆగింది. రెక్కలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

కిందికి వచ్చేసరికి ముల్లు పడిపోయి సున్నా దగ్గర కూర్చుంది. తెర మీద అంకె కూడా అంతే. వేగం లేదు, పడిపోతున్నారు అంటూ తెర కీచుమని అరవడం మొదలుపెట్టింది. విమానం మాత్రం బాగానే ఎగురుతోంది. పెద్దాయన చెయ్యి అలవాటుగా స్టిక్కు వైపు కదిలింది. ఆవిడ చూసి, జేబులోంచి రుమాలు తీసి ఆయన ఒళ్ళో వేసింది.

"ముల్లుని మూసెయ్యండి. తెర మీద స్పీడు దగ్గర కూడా ఏదో ఒకటి అంటించండి. కళ్ళకి కనిపిస్తే చెయ్యి దాని మాట వింటుంది."

ఆయన ముల్లు మీద రుమాలు దోపాడు. తెర మీద ఆ మూల దగ్గర మందుల పెట్టెలోంచి దెబ్బలకి వేసే ప్లాస్టరు తీసి అంటించాడు. అరుపు మాత్రం ఆగలేదు.

"ఇప్పుడు మీకే తెలియాలి" అంది ఆవిడ. "చదునుగా పోతుంటే ఇంజను ఎంత తిరిగితే ఎంత వేగం?"

ఆ ప్రశ్నతో ఆయన మనిషయ్యాడు. ఆ ఇంజను విప్పి బిగించింది ఆయనే. కళ్ళు మూసుకుని చప్పుడు విన్నాడు. "కాస్త తగ్గించు. ఇంకొంచెం. ఆ, చాలు. ఇక్కడ పెట్టి, ముక్కు గీతకి బెత్తెడు కిందుంచితే దిగేటప్పటి వేగం వస్తుంది. తెర కింద ఉపగ్రహం అంకె ఉంది చూడు, దానికి గొట్టంతో సంబంధం లేదు. నేల మీద మన వేగం అది. ఎదురుగాలి కలుపుకుంటే సరిపోతుంది."

"చదువుతూ ఉండండి. పడిపోతే చెప్పండి."

వెనక్కి తిరిగారు. ఎయిర్‌ఫీల్డు రేడియోలో సంగతి చెబితే అవతలి నుంచి "రన్‌వే మీకోసం ఖాళీ చేశాం, తడిగా ఉంది, జాగ్రత్త" అన్నారు. పెద్దాయన అంకెలు చదివాడు. ఆవిడ ముక్కు చూసింది, చప్పుడు వింది. వేగం ఎక్కువుంటే రన్‌వే పొడవు చాలదు, తక్కువైతే మళ్ళీ ఆ వణుకు, ఈసారి కింద సర్దుకోవడానికి చోటు లేకుండా. అందుకని కావాలనే కాస్త ఎక్కువే ఉంచింది.

చక్రాలు తగిలి ఎగిరాయి. మళ్ళీ తగిలాయి. తడి రన్‌వే మీద బ్రేకు పట్టి పట్టనట్టు జారింది. చివరి గీతలు చక్రాల కిందికి వచ్చాయి, పోయాయి. విమానం గడ్డిలోకి దూసుకెళ్ళి, ముందు చక్రం బురదలో దిగబడి వంగింది. ప్రొపెల్లరు మట్టిని కొట్టి ఆగిపోయింది. తెర ఇంకా అరుస్తూనే ఉంది. ఆవిడ దాన్ని ఆపేసింది.

"దెబ్బలేమైనా తగిలాయా మామయ్యా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ అలవాటు కొద్దీ ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. గుర్రంలా పరిగెడుతోంది. తనది చూసుకుంటే ఇంకా అన్యాయంగా ఉంది.

క్లబ్బు మెకానిక్కు వచ్చి గొట్టంలోకి సన్నటి తీగ దూర్చి లాగాడు. తడిసి పిండిలా మారిన మట్టి ముద్ద బయటికి వచ్చింది. కందిరీగ లోపల గూడు కట్టుకుంది. ఎండి ఉన్నంతసేపు సందుల్లోంచి గాలి పోయింది, జల్లు తగలగానే ఉబ్బి బిరడాలా మూసేసింది. పైకి పోయేకొద్దీ బయటి గాలి పలచబడింది, లోపల చిక్కుకున్న గాలి మాత్రం అలాగే ఉంది; ఆ తేడానే రెండు మీటర్లూ వేగం అనుకున్నాయి. పెద్దాయన ఆ ముద్దని అరచేతిలో వేసుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికి వెళ్ళాక, ఎలా జరిగిందని భార్య అడిగితే కోడలు తడబడింది. ఆయన మాత్రం దాచలేదు. "అమ్మాయి కుడి రెక్క విప్పమంది. నేను విప్పలేదు. ఇవాళ అది చెప్పిన మాట కూడా వినకుండా ఇద్దర్నీ చంపబోయాను" అన్నాడు. భార్య గ్లాసు కింద పెట్టింది. కోడలి దగ్గరికి వెళ్ళి తల మీద చెయ్యి వేసి, అలాగే నించుంది. కొడుకు మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

వారం తిరక్కుండా పెద్దాయన ఆస్పత్రికి వచ్చాడు. ఒంట్లో బాగోలేదేమోనని కోడలు కంగారుపడింది. "అది కాదమ్మా. నువ్వు మత్తిచ్చే మిషను చూపిస్తావా?" అన్నాడు. ఆపరేషను థియేటరు ఖాళీగా ఉంటే గౌను తొడిగించి లోపలికి తీసుకెళ్ళింది. ఆయన మిషను చుట్టూ తిరిగాడు. ఏ తీగ ఎక్కడికి పోతోందో, ఏ గొట్టం ఎక్కడ చీలుతోందో ఒక్కొక్కటే అడిగాడు. ఇంట్లో అడిగినట్టు కాదు, మొదటి రోజు బడికొచ్చినవాడిలా అడిగాడు.

"వీటిలో ఏది అబద్ధం చెబుతుంది?"

"ఏదైనా చెప్పచ్చు మామయ్యా. అందుకే అప్పుడప్పుడూ తెర వదిలేసి మనిషి వైపు చూస్తాం. పెదాల రంగు, ఊపిరి, ఒంటి వేడి."

"మరి ఆ రోజు నేను స్టిక్కు వదలకపోయుంటే ఏం చేసేదానివి?"

"మీ వేళ్ళు విరిచేదాన్ని."

ఆయన ఆ రోజు తర్వాత మొదటిసారి బిగ్గరగా నవ్వాడు. అంతలో నర్సు తలుపు తోసింది. స్ట్రెచరు మీద ఒకావిడ. భయంతో దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని ఉంది. పెద్దాయన గోడకి ఒదిగి దారిచ్చాడు. స్ట్రెచరు మీదున్నావిడ ఆయన గౌను చూసి, "మీరేనా డాక్టరుగారు?" అని అడిగింది.

"కాదమ్మా, నేను ఈవిడకి మామగారిని" అన్నాడాయన. "మొన్న నేనూ ఈవిడ చేతుల్లోనే పడ్డాను. చూడండి, నా కాళ్ళ మీద నేనే నించున్నాను. మీరు హాయిగా పడుకోండి."