ఏలినవారి గడ్డం

మా ఆయన లూపికీనుస్ సిస్కియా ఊరి టంకశాలలో నాణేల అచ్చులు చెక్కుతాడు. చేతిలో పనితనం ఉంది, నోట్లో నాలుక లేదు. ఆ లోటు తీర్చడానికే దేవుళ్ళు నన్ను కట్టబెట్టారు.

మొన్న వసంతంలో మా సైనికులకు చక్రవర్తి మీద మొహం మొత్తింది. తమ సేనానికే ఊదారంగు వస్త్రం కప్పి గద్దెనెక్కించారు. ఆ సేనానికి గుబురు గడ్డం. చక్రవర్తికి తమ్ముణ్ణని చెప్పుకుని ఆయన పేరే తగిలించుకున్నాడు. సైనికులకివ్వడానికి తన మొహంతో నాణేలు అప్పటికప్పుడు కావాలన్నాడు. కొత్త అచ్చు చెక్కే తీరిక ఎక్కడిది? పేరెలాగూ అదే. మా ఆయన పాత అచ్చులో నున్నటి చెంపల మీద ఉలితో నాలుగు గీతలు గీశాడు. గడ్డం వచ్చేసింది. సైనికులు మురిసిపోయారు.

వేసవి దాటకుండానే పాత ఏలినవారు సేనతో వచ్చి ఊరు తిరిగి గెలుచుకున్నారు. తమ్ముడిగారి తల ఈటెకెక్కింది. మర్నాడే ఏలినవారి అధికారి వెనూస్టుస్ టంకశాలకొచ్చి ఒక నాణెం మా ఆయన ముక్కు కింద పెట్టాడు.

"ద్రోహి బొమ్మ చెక్కిన చెయ్యి ఇదేనా?"

మా ఆయన కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఒప్పుకున్నట్టే అయింది. అప్పుడే తిండి పట్టుకొచ్చిన నేను మధ్యలోకి దూరాను. ఆ చెయ్యి నరికితే మేమిద్దరం అడుక్కు తినాలి.

"ద్రోహి ఏంటి దొరా? నాణెం మీది ముక్కు చూడండి. ఏలినవారిది కాదూ?" అన్నాను.

చూశాడు. ముక్కు ఏలినవారిదే.

"మరి ఈ గడ్డం?"

"సంతాపం దొరా. ఇంట్లో చావొస్తే మీరు మాత్రం గీసుకుంటారా? ఊరు ద్రోహి పాలైందని ఏలినవారు కుమిలిపోయి ఉండరూ? అది తలుచుకునే మా ఆయన ఏడుస్తూ చెక్కాడు."

మా ఆయన గుడ్లప్పగించి చూస్తున్నాడు. కాలు తొక్కాను. నొప్పికి ఆయన కళ్ళు చెమర్చాయి.

అధికారి మెత్తబడ్డాడు. "సరేలే. ఊరు దక్కింది కదా, ఇక ఆ గడ్డం తీసెయ్. రేపు జీతాలివ్వాలి."

మా ఆయన నా వంక చూశాడు. నాణెం మీద ఉబ్బేదంతా అచ్చులో గుంటే. గుంట తవ్వగలడు గానీ పూడ్చలేడు.

"అప్పుడేనా దొరా? ఈ పోరులో మా వీధిలో ఇంటికో మనిషి పోయాడు. మా తమ్ముడూ పోయాడు. ఏలినవారి దుఃఖం అప్పుడే తీరిపోయిందంటే జనం ఏమనుకుంటారు?"

మా తమ్ముడి మాట నిజమే. అది చెప్పేటప్పుడు నా కాలు ఎవరూ తొక్కనక్కర్లేకపోయింది.

అధికారి నున్నటి తన చెంపలు తడుముకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

నాణేల మీద గడ్డం ఉండిపోయింది. వారం తిరక్కుండా అది అధికారికి మొలిచింది, తర్వాత కొలువంతటికీ, చివరికి ఏలినవారికీ. క్షవరాలు చేసేవాళ్ళు వీధిలో మా ఆయన్ని ఆపి మరీ తిడుతున్నారు. ఆయన నోరెత్తడు. వేలెత్తి నన్ను చూపిస్తాడు, ఆ కుడిచేత్తోనే.